పెళ్ళికి వచ్చినవాళ్ళు

ఫోటోలమ్మాయికి అసలు మొగుడే లేడని, పెళ్ళిఫోటోలో ఉన్నట్టు కంప్యూటర్లో అతికించుకుందని ఎదురింటావిడ అందట. అన్నది కుట్టుషాపు ఆమెతో. కుట్టుషాపు ఆమె ఆ మాటని కడుపులో పెట్టుకోలేక, జాకెట్లు తీసుకోవడానికి వచ్చిన స్టూడియో యజమాని భార్య చెవిన వేసింది. ఆవిడ అన్నం వడ్డిస్తూ మొగుడికి చెప్పింది. ఆయన మర్నాడు షట్టరు ఎత్తుతూ, "నీ గురించి వీధిలో ఏమనుకుంటున్నారో తెలుసా" అని మొదలుపెట్టి, మొత్తం చెప్పేదాకా తాళంచెవి జేబులో వేసుకోలేదు.

"కేలండర్లోంచి దించావట అతన్ని. నిజం మనిషయితే గుమ్మంలో ఒక్క జత చెప్పులైనా కనపడవా అని అడిగిందట."

"ఆవిడ ఈ వీధికొచ్చి ఎన్నాళ్ళయింది బాబాయ్. అతను ఉన్నప్పుడు ఆవిడ లేదుగా" అని ఫోటోలమ్మాయి నవ్వేసింది. నవ్వి, లోపలికి వెళ్ళి తన సీట్లో కూర్చున్నాక ఆ నవ్వు కాస్త పులిసింది. ఎందుకంటే ఆ పెళ్ళిఫోటోలో ఆమె అతికించకుండా వదిలింది మొగుణ్ణి ఒక్కణ్ణే.

ఫోటోలు కలపడం ఆమె పని. స్టూడియోలో దాన్ని 'కలపడం' అనే అంటారు, ఇంకో పేరు లేదు. పెళ్ళికి రాలేకపోయిన మేనమామ, సెలవు దొరకని తమ్ముడు, మనవరాలి పెళ్ళి చూడకుండానే కన్నుమూసిన నాయనమ్మ, ఎవరు కావాలంటే వాళ్ళని పాత ఫోటోల్లోంచి తెచ్చి గ్రూపులో నిలబెడుతుంది. యజమాని పెట్టిన పద్ధతి ఒకటుంది. పోయినవాళ్ళు వెనక వరసలో, రానివాళ్ళు పక్కన. ఎవరికీ కాళ్ళ కింద నీడ తప్పకూడదు, అందరి చెంపల మీదా వెలుతురు ఒకే వైపు నుంచి పడాలి. ఫలానావాళ్ళని అతికించాం అని స్టూడియోలోంచి మాట బయటికి పొక్కకూడదు. కొందరు తీసెయ్యమని కూడా వస్తారు, విడిపోయిన కోడల్నో, అలిగి వెళ్ళిపోయిన బావగారినో. మనిషిని తీసెయ్యడం తేలిక. ఆ మనిషి వెనక ఉండాల్సిన గోడని మళ్ళీ కట్టడమే పెద్ద పని. అలాంటి గోడలు ఆమె ఎన్నో కట్టింది.

ఆమె మొగుడు ఆ స్టూడియోకి కొత్త ప్రింటింగ్ మిషను బిగించడానికి వచ్చిన ఫిట్టరు. ఏ దేశంలో మిషను తయారయిందో ఆ దేశం మనిషి. బిగించడం అయిపోయింది, పేపరు ఇరుక్కోవడం మానింది, అయినా వారం తిరిగేసరికి కంపెనీ ఆఫీసున్న ఊరినుంచి సంచీ భుజాన వేసుకుని దిగేవాడు, మిషను చూడాలని. బాగున్న మిషనుని చూడటానికి అంత దూరం ఎవడొస్తాడని యజమానే ముందు పసిగట్టాడు. వచ్చీరాని తెలుగులో అతనికి బాగా పట్టుబడిన మాట 'అండీ'. మనుషులకే కాదు, మెట్ల మీద పడుకున్న కుక్కకి కూడా "పక్కకి జరగండి" అని చెప్పేవాడు. కుక్క జరిగేది కూడాను.

రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి సంతకాలు పెట్టారు. సాక్షులు స్టూడియో యజమాని, ఆయన భార్య, మూడో సంతకానికి అక్కడే దస్తావేజులు రాసే ఒకాయన. బయటికొచ్చాక ఆఫీసు మెట్ల మీద ఇద్దర్నీ నిలబెట్టి యజమానే ఫోటో తీశాడు. వెడల్పాటి మెట్లు. వాటి మీద ఇద్దరే మనుషులు, అటూ ఇటూ బోలెడంత ఖాళీ. ఎవరి ఫోటోలోనైనా ఖాళీ కనపడితే చెయ్యి ఊరుకోని మనిషికి తన ఫోటోలోనే అంత ఖాళీ.

అన్నయ్య రాలేదు. వారం ముందే ఆమె వదినకి ఫోను చేసి చెప్పింది. "గురువారం సంతకాలు పెడుతున్నాం వదినా. ఆఫీసు పనే, కూర్చునేలోపు అయిపోతుంది. అన్నయ్యకి షాపు మూయడం కుదరదులే, మీరేం ఇబ్బంది పడకండి." అవతల వదిన "అలాగా" అంది. వాళ్ళు ఇబ్బంది పడలేదు. నాన్న పోయాక అన్నాచెల్లెళ్ళ మధ్య తగువంటూ ఏమీ జరగలేదు. పట్నంలో ఒంటరిగా ఎందుకు, ఇక్కడికొచ్చి ఉండమని అన్నయ్య అన్నాడు, నేనుండగలను అని ఈమె అంది. "నీ ఇష్టం" అన్నాడు. ఆ తరవాత ఫోన్లు పలచబడుతూ వచ్చాయి. పరాయి దేశం మనిషిని చేసుకుంటానంటే అన్నయ్య మొహం ఎలా పెడతాడో ఆమెకి కళ్ళకు కట్టినట్టు కనపడింది. ఆ మొహం చూడకుండా తప్పించుకోవాలనుకుంది, తప్పించుకుంది.

కాంట్రాక్టు అయిపోయి మొగుడు తన దేశం వెళ్ళాక, పని పలచగా ఉన్న రోజుల్లో ఆమె మెట్ల మీది ఖాళీ నింపింది. వెనక వరసలో నాన్న. తన పక్కన అన్నయ్య, భుజం మీద చెయ్యి వేసి. అతని పక్కన వదిన. ఎప్పుడో పోయిన అమ్మని కూడా తేవాలనుకుంది గానీ, ఉన్న ఒక్క ఫోటో మరీ మసక. ఎంత సరిచేసినా ఆ మనిషి మాత్రం ఎండలో నిలబడినట్టు రాలేదు. రెండుసార్లు నిలబెట్టి, రెండుసార్లూ తీసేసింది. మిగతాది ఎంత బాగా కుదిరిందంటే, యజమాని చూసి, "ఆవేళ నేను తీసింది ఇదేనేమో అనిపిస్తోంది" అన్నాడు.

ఆ ఫోటో మొగుడికి పంపింది. "అందరూ వచ్చారండీ" అని అతను మురిసిపోయాడు. వాళ్ళమ్మకి చూపించాడు, ఆవిడ హాల్లో తగిలించింది. భార్యని తన దగ్గరికి తెచ్చుకోవడానికి అక్కడి ఆఫీసులో అర్జీ పెట్టినప్పుడు రుజువుల్లో అన్నిటికంటే ముందు దాన్నే పెట్టి, 'పెళ్ళిరోజు, పెళ్ళికూతురి కుటుంబంతో' అని కింద రాశాడు. మోసం చెయ్యాలని కాదు పాపం. ఉన్నవాటిలో బాగున్న ఫోటో అది.

ఈ సంగతి ఆమెకి తెలిసింది వీసా ఇంటర్వ్యూ దగ్గర పడ్డాకే, ఫైళ్ళాయన ముందు కూర్చున్నప్పుడు.

జిరాక్స్ షాపు మీద ఇరుకు గదిలో ఉంటాడు ఫైళ్ళాయన. ఏదో ఆఫీసులో రిటైరయి, ఇప్పుడు వీసాలకి వెళ్ళేవాళ్ళకి కాగితాలు సర్దిపెడుతుంటాడు. గదిలో రెండు కుర్చీలు, ఒక స్టేప్లరు, తడి స్పాంజి పెట్టిన గిన్నె. స్పాంజి ఉన్నా వేలు నాలుక మీదే అద్దుకుని కాగితాలు తిప్పుతాడు. అసలు కాగితాలు ఒక వరస, నకళ్ళు ఒక వరస, అనువాదాలు ఒక వరస పేర్చుకుంటూ, మధ్యమధ్యలో ఇంటర్వ్యూ చేసే ఆఫీసరు గొంతు పెట్టి ప్రశ్నలు వేస్తాడు.

"మీ ఆయన మంచంలో ఏ వైపు పడుకుంటాడు?"

"గోడ వైపు."

"సిగ్గుపడుతూ చెప్పకు. అడిగేవాడికి లేని సిగ్గు నీకెందుకు. మీ అత్తగారి జబ్బేమిటి?"

"మోకాళ్ళు."

"ఆయన తినని కూర?"

"వంకాయ. తిననని చెప్పడు. పళ్ళెం అంచుకి నెట్టేస్తాడు."

"అదీ. అలా చెప్పాలి. పళ్ళెం అంచు మాట చెప్తే నమ్ముతాడు."

అతను వెళ్ళాక కొన్నాళ్ళకి ఆమె మంచం మధ్యకి జరిగి పడుకోవడం అలవాటు చేసుకుంది. ఇంటర్వ్యూ కబురు వచ్చిన దగ్గర్నుంచి మళ్ళీ ఇవతలి అంచుకి వచ్చేసింది. చెప్పబోయే జవాబు అబద్ధం కాకుండా ఉండాలని. గోడ వైపు దుప్పటి ముడత పడకుండా అలాగే ఉంటోంది. ఇది ఫైళ్ళాయనకి చెప్పలేదు.

ఆయన పుట్టిన సర్టిఫికెట్టు చూశాడు, పెళ్ళి సర్టిఫికెట్టు చూశాడు, పోలీసు కాగితం, డాక్టరు కాగితం చూశాడు. తల్లిదండ్రుల కాగితాల దగ్గర ఆగాడు. ఆమె నాన్న మరణ ధ్రువీకరణ పత్రం ఎడం చేత్తో పట్టుకుని, అక్కడినుంచి వచ్చిన అర్జీ నకలులో మొదటి పేజీ కుడిచేత్తో తిప్పాడు. దాన్నీ దీన్నీ మార్చి మార్చి చూశాడు.

"మీ నాన్నగారు పోయింది నీ పెళ్ళికి ముందేగా?"

"ముందే."

"మరి ఇక్కడ వెనకాల నిలబడిందెవరు?"

ఆమె వంగి చూసింది. "ఆయనే."

ఫైళ్ళాయన కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "పోయినాయన పెళ్ళికెలా వచ్చాడమ్మా?"

"నేను తెచ్చాను మాస్టారూ."

మొత్తం చెప్పక తప్పలేదు. ఆయన వింటూ స్టేప్లరుని ఊరికే నొక్కుతూ కూర్చున్నాడు. ఖాళీ పిన్నులు బల్ల మీద రాలాయి.

"నాన్న సంగతి ఒప్పుకోవచ్చు. ప్రేమ కొద్దీ పెట్టుకున్నానంటే వాడూ మనిషే, వాడికీ నాన్న ఉంటాడు. కానీ ఈ పక్కనున్న అన్న బతికే ఉన్నాడుగా? వదిన బతికే ఉందిగా? వాళ్ళనీ అతికించానంటే, పెళ్ళికొడుకు మాత్రం నిజమని నమ్మకమేమిటి అంటాడు. నేనయినా అంటాను."

"అసలు ఫోటో ఉంది. ఇద్దరమే ఉన్నది. అది చూపిస్తాను. సాక్షులు కూడా ఉన్నారు."

"సాక్షి ఎవరు, నీకు జీతమిచ్చే ఆయన. ముందు ఒక ఫోటో ఇచ్చి, కాదు ఇంకోటి చూడండి అంటే రెండూ చెడతాయి. నా మాట విను. ఈ ఫోటోలో బతికున్నవాళ్ళలో ఒక్కరైనా నిజం కావాలి. మీ అన్నయ్య చేత ఆ రోజు నేనున్నాను అని ఒక ముక్క సంతకం పెట్టించు. కాగితం నేను టైపు చేసిస్తాను. ఇంటర్వ్యూ సోమవారం. ఆదివారం లోపల తెచ్చుకో."

"పెట్టకపోతే?"

"పెట్టకపోతే ఫైలు పక్కన పెడతారు. పక్కన పెట్టిన ఫైలు ఎప్పుడు కిందికి దిగుతుందో పెట్టినవాడికే తెలీదు."

మర్నాడు పొద్దున్నే మొగుడి ఫోను వచ్చింది. అతను అక్కడ పనికి బయల్దేరుతూ బస్‌స్టాపు నుంచి మాట్లాడతాడు. చుట్టూ ఆమెకి తెలియని చప్పుళ్ళు వినపడుతుంటాయి. ఎవరో ఎవరినో పిలుస్తారు, ఎవరో దగ్గుతారు. ఆ దగ్గే మనిషి రోజూ ఉంటాడు. మొహం ఎరగని ఆ మనిషికి దగ్గు తగ్గిందో లేదో కూడా ఆమెకి తెలుసు.

"ఆ ఫోటో ఎందుకు పెట్టావు?"

"అందులో మీరు నవ్వుతున్నారండీ. రెండోదాంట్లో నవ్వలేదు."

అది నిజమే. తన మొహం కూడా ఇంకో ఫోటోలోంచి తెచ్చి మార్చింది, ఆ సంగతి ఆమె మరిచే పోయింది.

"వెనక్కి తీసుకోడం కుదరదా?"

"ఇచ్చేశానండీ. నిజం చెప్పేయండి. వాళ్ళు నవ్వుతారు."

"నవ్వే ఆఫీసు కాదది."

"మీ అన్నయ్యగారు నిజంగా వచ్చి ఉంటే బాగుండేదండీ" అన్నాడు. తరవాత "బస్సు" అన్నాడు. ఫోను ఆగిపోయింది.

ఆదివారం ఆమె అన్నయ్య ఊరికి బస్సెక్కింది. బ్యాగులో టైపు కొట్టిన కాగితం, అట్టల మధ్య పెట్టిన ఫోటో. దారి పొడుగునా మనసులో మాటలు కూర్చుకుంది, కూర్చుకున్నవి కాస్తా దిగేసరికి చెదిరిపోయాయి.

అన్నయ్యకి లేత్ షాపు. ముందు షాపు, వెనక ఇల్లు. ఇంట్లోకి పోవాలంటే మిషను పక్కనుంచే పోవాలి. నేలంతా వంకీలు తిరిగిన ఇనప పొట్టు. నూనె కంపు గుమ్మం దాటి వంటింటిదాకా ఉంటుంది. వదిన ఎదురొచ్చి, చెప్పులు విప్పకముందే మొదలుపెట్టింది.

"దారి తప్పావా ఏమిటి? చిక్కిపోయావు. తింటున్నావా, ఫోటోలే చూస్తున్నావా?"

"బానే తింటున్నా వదినా."

"అబద్ధమాడదామన్నా చెంప ఎముకలు ఆడనివ్వాలిగా. కూర్చో."

అన్నయ్య వేస్టుగుడ్డతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, "వచ్చావా" అన్నాడు. అంతే. అతను ఎప్పుడూ అంతే. ఎదురుగా పీట లాక్కుని కూర్చున్నాడు. ఆమె మంచినీళ్ళు తాగి, ఎటూ తోచక, ముందు ఫోటో తీసి వదిన చేతికిచ్చింది.

వదిన దాన్ని వెలుతురులోకి తిప్పింది. "ఇదెవరు, నేనా? నాకీ రంగు చీర లేదే."

"మీ చెల్లెలి పెళ్ళిలో తీసింది వదినా. రంగు మార్చాను, నా చీరకి నప్పాలని."

"నడుము కూడా మార్చినట్టున్నావు."

"కొంచెం."

"కొంచెమేమిటి, సగానికి సగం కొట్టేశావు. ఇంత చెయ్యి తిరిగినదానివి, ఇన్నాళ్ళూ నాకొకటి పంపాలని తోచలేదా." అంటూనే కొంగుతో ఫోటో అంచు తుడిచి, మొగుడికి అందించింది.

అతను నూనె అంటకుండా దాన్ని రెండరచేతుల మధ్య పట్టుకున్నాడు. చాలాసేపు నాన్న దగ్గరే ఉన్నాయి కళ్ళు. "నాన్నని బాగా పెట్టావు" అన్నాడు. తరవాత పక్కకి చూశాడు.

"ఈ చెయ్యి ఎవరిది?"

"నీదే."

"నాది కాదు."

ఫోటో ఒళ్ళో పెట్టుకుని తన ఎడం చెయ్యి చాపి చూపించాడు. చూపుడువేలికి పైకణుపు లేదు. తెగిన చోట చర్మం నున్నగా, మెరుస్తూ ఉంది.

ఆమె ఆ వేలునీ ఫోటోలోని వేలునీ చూసింది. ఫోటోలో తన భుజం మీద ఉన్న చెయ్యి ఎవరో ఒక పెళ్ళికూతురి తండ్రిది. ఒకప్పుడు ఫోటో కలపడానికి ఇచ్చిపోయారు. కూతురి భుజం మీద ఆ చెయ్యి వాలిన తీరు నచ్చి, దాచుకుని, అన్నయ్య చొక్కాచేతికి తగిలించింది.

"ఎప్పుడు?"

"నీ పెళ్ళికి ముందు ఎండాకాలం" అంది వదిన. "మిషను లాగేసింది."

"నాకెవరూ చెప్పలేదు."

"చెప్తే మొలుస్తుందా" అన్నాడు అన్నయ్య.

దాంతో ఆమెకి ఇంక ఉపోద్ఘాతం పెట్టే ఓపిక లేకపోయింది. కాగితం తీసి ఇచ్చింది. ఇంటర్వ్యూ రేపేనని, ఈ ఫోటో ఫైల్లోకి ఎలా వెళ్ళిందో, ఫైళ్ళాయన ఏమన్నాడో, సంతకం లేకపోతే ఏమవుతుందో, వరసగా చెప్పేసింది. చెబుతున్నంతసేపూ అతని చేతిని చూడకుండా ఉండటానికి ప్రయత్నించింది.

అతను కాగితం చదివాడు. పెదవులు కదిపి, చదువుకునే పిల్లాడిలా, ఒక్కో మాటా చదివాడు. 'నా చెల్లెలి వివాహానికి నేను స్వయంగా హాజరయ్యాను.'

"అతను మంచివాడేనా?" అన్నాడు.

"మంచివాడే."

"చెయ్యి చేసుకోడు కదా?"

"కుక్కని కూడా 'మీరు' అంటాడన్నయ్యా."

వదిన ఫక్కున నవ్వింది. అన్నయ్య కూడా నవ్వబోయాడు గానీ, అది మీసాల దగ్గరే ఆగిపోయింది. పెన్ను అందుకున్నాడు. సంతకం పెడతాడనుకుంది ఆమె. అతను కాగితాన్ని వెనక్కి తిప్పి, తెల్లగా ఉన్న వైపు మోకాలి మీద పెట్టుకున్నాడు.

"అదేమిటన్నయ్యా?"

"ఇది నా చెల్లెలు, అతను దాని మొగుడు, పెళ్ళి నిజమే. అంతవరకూ నా చేత్తో రాసిస్తాను. కావాలంటే రేపు పొద్దున బస్సెక్కి వచ్చి ఆ ఆఫీసు గుమ్మంలో నిలబడతాను. ఉన్నానని మాత్రం రాయను. లేను."

"లేనని రాస్తే, ఫోటోలో ఎందుకున్నావంటారు."

"నువ్వు పెట్టావని రాస్తాను."

"సొంత అన్నయ్యే రాని పెళ్ళి ఏం పెళ్ళి అంటారు. ఎందుకు రాలేదని అడుగుతారు. అక్కడేం రాస్తావు?" ఆమె గొంతు కొంచెం లేచింది. తగ్గించుకుంది. "షాపు మూయడం కుదరలేదని రాయి. అది చాలు."

వదిన పళ్ళెంలోని గ్లాసులు ఊరికే అటూ ఇటూ సర్దింది.

"ఆ గురువారం షాపు తెరవలేదు మీ అన్నయ్య" అంది నెమ్మదిగా. "పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫోను పక్కన పెట్టుకుని ఇదే పీట మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం చొక్కా విప్పి మడతపెట్టేశాడు."

బయట రోడ్డు మీద ఎవరో లారీ స్టార్టు చేసి, కాసేపు ఊరికే ఉంచి, ఆపేశారు.

"నేను వారం ముందే చెప్పాను కదన్నయ్యా" అంది ఆమె.

అతను పెన్ను కాగితం మీద ఆనించాడు. తల ఎత్తలేదు.

"చెప్పావు. పిలవలేదు."